తారు తగ్గలేదు.. పాకం ముదిరింది!

వేడి, గాలి, ఎండలకు గుణం మారుతున్న బిటుమెన్
శాతం కొలుస్తున్నారు.. జీవం కొలవడం లేదు

తొలకరి పడిందంటే పల్లె రోడ్లపై ఏటా ఒకే దృశ్యం. నిన్నమొన్న వేసిన బీటీ రోడ్డు మీద చిప్స్ లేచి అంచులకు చేరతాయి. మలుపుల్లో ద్విచక్ర వాహనాలు జారి పడతాయి. బస్సు ముందు వెళ్తుంటే వెనుక వచ్చేవారి మొహాన రాళ్లు ఎగిరి తగులుతాయి. 'తారు మింగేశారు' అన్నది రచ్చబండ దగ్గర వెలువడే తక్షణ తీర్పు. ఫిర్యాదు అందాక నాణ్యత నియంత్రణ విభాగం వారు వస్తారు. రోడ్డు ముక్క తవ్వి తీసుకెళ్లి పరీక్షిస్తారు. చాలాసార్లు తారు శాతం నిబంధనల మేరకే ఉందని నివేదిక వస్తుంది. అధికారులు గుత్తేదారుతో కుమ్మక్కయ్యారన్నది అప్పుడు వినిపించే రెండో తీర్పు.

కుమ్మక్కులు లేవని ఎవరూ అనలేరు. అయితే గ్రామస్థుల మాట, నివేదిక మాట రెండూ నిజమయ్యే సందర్భం ఒకటుంది. తారు వేయాల్సినంతే వేసి ఉండవచ్చు. రోడ్డు మీదకు చేరేసరికే అది చచ్చిపోయి ఉండవచ్చు. అరిసెల పాకం పట్టే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బెల్లం అదే, తూకం అదే. పొయ్యి మీద రెండు నిమిషాలు ఎక్కువ ఉంటే పాకం ముదురుతుంది, అరిసె రాయవుతుంది. తూకం వేసి చూస్తే మాత్రం బెల్లం ఎక్కడా తగ్గదు.

ఘనమా.. ద్రవమా?

జనం నోట తారుగా నిలిచిపోయినా, నేడు రోడ్లపై వేసేది బొగ్గు నుంచి తీసే అసలు తారు కాదు. ముడి చమురును శుద్ధి చేయగా చివరన మిగిలే బిటుమెన్. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, సుత్తితో కొడితే పగులుతుంది. అయినా అది ప్రవహిస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు బిటుమెన్‌ను పోలిన కీలును గాజు గరాటులో పోసి ఉంచారు. 1930లో గరాటు కొనను తెరిచారు. నాటి నుంచి 2014 ఏప్రిల్ వరకు రాలినవి తొమ్మిది చుక్కలే. రోడ్డు మీది తారు స్వభావమూ ఈ కోవలోనిదే. నెమ్మదిగా ఒత్తితే సాగుతుంది, ఒక్కసారిగా కొడితే విరుగుతుంది. ఆగి ఉన్న లారీ చక్రం కింద గుంట పడడానికి, వేగంగా పోయే లారీ కింద పడకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రవాహ గుణాన్ని ఇంజినీర్లు స్నిగ్ధత అంటారు. మామూలు మాటలో చిక్కదనం. దాన్ని పాయిజ్‌లలో కొలుస్తారు. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం బిటుమెన్‌కు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 2,400 పాయిజ్‌ల స్నిగ్ధత ఉండాలి. మామూలు నీటితో పోలిస్తే అది రెండు లక్షల 40 వేల రెట్లు చిక్కన. అదే బిటుమెన్‌ను 135 డిగ్రీలకు వేడిచేస్తే చిక్కదనం మూడు, నాలుగు పాయిజ్‌లకు దిగిపోతుంది. 75 డిగ్రీల తేడాకు సుమారు 700 రెట్ల మార్పు! కంకరకు పట్టించే వేళ నూనెలా పారాలి, మే నెల మధ్యాహ్నం బరువు మోసే వేళ కదలకుండా నిలవాలి. ఈ రెండు పనులూ ఒకే పదార్థం చేత చేయించడంలోనే చిక్కంతా ఉంది.

శుద్ధి కర్మాగారంలోనే రాత

విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పిన చమురు శుద్ధి కర్మాగారం ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది. తెలుగు జిల్లాలకు బిటుమెన్ అందించే ప్రధాన కేంద్రాల్లో అదొకటి. దేశంలో ఏటా 80 లక్షల టన్నులకు పైగా బిటుమెన్ వినియోగమవుతుండగా కొంత భాగం విదేశాల నుంచి దిగుమతి అవుతోంది. అన్ని ట్యాంకర్లలో వచ్చేదీ నల్లగానే ఉంటుంది. లోపలి గుణం మాత్రం ముడి చమురు ఏ దేశానిది, దాన్ని ఏ పద్ధతిలో శుద్ధి చేశారు అన్న దాన్నిబట్టి మారుతుంది.

పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వంటివి ఆవిరిగా వేరయ్యాక అడుగున మిగిలిన దాన్ని శూన్యపీడనంలో మళ్లీ స్వేదనం చేస్తారు. మిగిలే బరువైన అవశేషం కొన్ని ముడి చమురుల విషయంలో నేరుగా రోడ్లకు పనికొస్తుంది. మరికొన్నింటి విషయంలో అది పలుచగా ఉండిపోతుంది. అప్పుడు 250 డిగ్రీలు, ఆపై వేడిలో దానిలోకి గాలి ఊదుతారు. ఆక్సిజన్ తగిలి అది చిక్కబడుతుంది. గాలి మితంగా ఊదితే మేలే. మితిమీరి ఊదిన సరకు పైకప్పులకు, పైపుల పూతలకు పనికొస్తుందేమో గానీ రోడ్డుకు కాదు. ఎందుకంటే, రోడ్డు మీద పదేళ్లలో ఎండ, గాలి చేయాల్సిన పనిని కర్మాగారం ముందే చేసేసినట్లవుతుంది.

బిటుమెన్‌లో నూనెల్లాంటి తేలిక భాగాలు ఉంటాయి. జిగురునిచ్చే రెజిన్లుంటాయి. ఆస్ఫాల్టీన్లు అనే బరువైన పదార్థాలుంటాయి. నూనెలు, రెజిన్ల ఆసరాతోనే ఆస్ఫాల్టీన్లు విడివిడిగా తేలుతుంటాయి. ఆక్సిజన్ తగిలేకొద్దీ నూనె భాగం రెజిన్లుగా, రెజిన్లు ఆస్ఫాల్టీన్లుగా మారతాయి. తేలించే ద్రవం తగ్గి తేలేవి పెరిగితే కదలిక తగ్గుతుంది. తారు ముదరడమంటే ఇదే. వేడి దీన్ని తొందరపెడుతుంది తప్ప దిశ మార్చదు.

సూదితో కొలిచిన కాలం

బిటుమెన్‌ను చాలా కాలం సూదితో కొలిచారు. 25 డిగ్రీల వద్ద 100 గ్రాముల బరువుతో సూదిని అయిదు సెకన్లు వదిలితే ఎంత లోతు దిగుతుందో చూసేవారు. 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగితే 80/100 రకం, 6 నుంచి 7 మిల్లీమీటర్లు దిగితే 60/70 రకం. నాటి టెండరు పత్రాల్లో ఈ అంకెలే కనిపించేవి.

25 డిగ్రీలు చలిదేశాల వారికి వేసవి కావచ్చు. రెంటచింతలలో, రామగుండంలో ఏ మే నెల మధ్యాహ్నం 25 డిగ్రీలుంటుంది? గాలిలో 45 డిగ్రీలుంటే నల్లని రోడ్డు ఉపరితలం 60 దాటుతుంది. సూది ముందు ఒకేలా నిలిచిన రెండు బిటుమెన్‌లు 60 డిగ్రీల వద్ద ఒకటి గట్టిగా, మరొకటి మెత్తగా తేలిన ఉదాహరణలు కోకొల్లలు. ఈ లోపాన్ని గుర్తించే భారతీయ ప్రమాణాల సంస్థ 2006లో ఐఎస్ 73 ప్రమాణాన్ని సవరించి, సూది లెక్క స్థానంలో 60 డిగ్రీల వద్ద స్నిగ్ధతను ప్రాతిపదిక చేసింది. వీజీ-10, 20, 30, 40 రకాలు అలా వచ్చాయి. 2013 సవరణలో కనిష్ఠంతో పాటు గరిష్ఠ పరిమితీ పెట్టారు. వీజీ-30 స్నిగ్ధత 2,400 నుంచి 3,600 పాయిజ్‌ల మధ్య ఉండాలి. మార్పు వచ్చి ఏళ్లు గడిచినా కింది స్థాయిలో కొందరి నోట ఇంకా '60/70' మాటే వినిపిస్తుండటం గమనార్హం.

ఒకటిన్నర ఎకరాల పొర

తారు జీవితంలో అత్యంత ప్రమాదకరమైన ఘడియ రోడ్డు మీద కాదు, హాట్‌మిక్స్ ప్లాంటులో వస్తుంది. ట్యాంకులో నిండుగా ఉన్న తారుకు గాలి తగిలేది పైపైనే. కంకరతో కలిపిన మరుక్షణం పరిస్థితి తలకిందులవుతుంది. టన్ను మిశ్రమంలో తారు 5 శాతమనుకుంటే 50 కిలోలు. అది కంకర రాళ్లకు, ఇసుక రేణువులకు, దుమ్ముకు వెంట్రుక మందంలో పదో వంతు పాటి పొరగా అంటుకుంటుంది. ఆ పొరనంతా విప్పి పరిస్తే సుమారు 6 వేల చదరపు మీటర్లు, అంటే ఒకటిన్నర ఎకరం! అంత విస్తీర్ణాన 150 డిగ్రీలకు పైబడిన వేడిలో గాలి తగిలితే ఏమవుతుందో ఊహించవచ్చు. అంతా నిబంధనల ప్రకారం జరిగినా ఆ నిమిషాల్లోనే స్నిగ్ధత రెండు, మూడు రెట్లు పెరగడం మామూలే.

అందుకే ప్రమాణంలో ఒక పరీక్ష పెట్టారు. తారును పలుచని పొరగా 163 డిగ్రీల పొయ్యిలో తిప్పుతూ 85 నిమిషాలు కాల్చి, తర్వాత స్నిగ్ధత కొలుస్తారు. అది మొదటి దానికి నాలుగు రెట్లు మించరాదు. మించితే ఆ సరకు రోడ్డుకు పనికిరాదు. ఇది ప్రయోగశాల మాట. ప్లాంటులో వేడిని ఎవరు కాపాడాలి?

కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ నిర్దేశాల ప్రకారం వీజీ-30ని 150 నుంచి 165 డిగ్రీల మధ్య వేడిచేయాలి. కంకర 170 మించరాదు. రోడ్డుపై పరిచేటప్పుడు మిశ్రమం 140 డిగ్రీలకు తగ్గకూడదు, 90 డిగ్రీలకు చల్లారకముందే రోలింగ్ పూర్తికావాలి. కాగితం మీద ఇది సులువే. ప్లాంటు జాతీయ రహదారి పక్కన ఉంటుంది. పని జరిగే పల్లె 50, 60 కిలోమీటర్ల అవతల ఉంటుంది. మధ్యలో రైల్వే గేటు, సంత రోజు రద్దీ, సరైన పట్టా కప్పని టిప్పర్. చేరేసరికి మిశ్రమం చల్లారితే రోలర్ ఎన్నిసార్లు తిరిగినా అణగదు. పైగా పల్లె రోడ్డుకు వేసేది 20, 25 మిల్లీమీటర్ల పలుచని పొర. అది నిమిషాల్లో చల్లారిపోతుంది. దీనికి విరుగుడుగా ప్లాంటులోనే మరో 20, 30 డిగ్రీలు వేడి పెంచే అలవాటు ఎప్పటినుంచో ఉంది. 100 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆక్సీకరణ వేగం రెట్టింపవుతుందన్నది రంగంలో అందరూ ఒప్పుకొనే స్థూల లెక్క. 165 బదులు 195 డిగ్రీలు పెడితే ముదిరే వేగం ఎనిమిది రెట్లు! టిప్పర్ పైనుంచి నీలిపొగ సుడులు తిరుగుతూ లేస్తోందంటే తారు మాడుతోందనే అర్థం. పొగ చూసి 'వేడి వేడిగా వచ్చింది' అని మురిసిపోయే మేస్త్రీలూ లేకపోలేదు.

గుంతలు పూడ్చే పనుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రోడ్డు పక్కన డ్రమ్ము, కింద కట్టెల మంట, మిగిలిన తారును రేపటికి మళ్లీ కాచడం. థర్మామీటర్ జాడ ఎక్కడా ఉండదు.

తొలి వేసవిలో నవ్వే రోడ్డు

మాడిన తారులో ఒక మోసపు గుణముంది. మొదటి వేసవిలో అది మంచి తారు కంటే బాగా కనిపిస్తుంది. గట్టిగా ఉన్నందున ఎండకు కరగదు, చక్రాల గాడి పడదు. బిల్లు చెల్లింపు వేళకు రోడ్డు అద్దంలా ఉంటుంది. అసలు రంగు తర్వాత బయటపడుతుంది. మెత్తని తారుకు సన్నని పగుళ్లు పడినా వేసవి వేడికి, వాహనాల ఒత్తిడికి అవి మళ్లీ అతుక్కుంటాయి. ముదిరిన తారుకు ఆ శక్తి ఉండదు. పడిన పగులు పడినట్టే ఉండి, వానాకాలం నీటికి దారి ఇస్తుంది. నీరు తారుకు, రాతికి మధ్య దూరుతుంది. తర్వాతి బస్సుకు రాయి లేచి వస్తుంది.

తక్కువ వాహనాలు తిరిగే రోడ్డు ఎక్కువ కాలం మన్నాలన్నది మామూలు తర్కం. తారు విషయంలో అది పూర్తిగా నిజం కాదు. వాహనాలు తిరుగుతుంటే పైపొర మర్దన జరిగినట్లై ఖాళీలు మూసుకుంటాయి. రోజుకు రెండు బస్సులు, నాలుగు ఆటోలు తిరిగే ఊరి రోడ్డుకు ఆ మర్దన అందదు. ఎండ మాత్రం జాతీయ రహదారికి, పల్లె రోడ్డుకు సమానమే.

ఖాళీల లెక్క ఇక్కడ కీలకం. దట్టమైన మిశ్రమంలో గాలి ఖాళీలు 3 నుంచి 5 శాతం ఉండేలా రూపొందిస్తారు. రోలింగ్ సరిగా లేక అవి 8 శాతం దాటితే ఒకదానితో ఒకటి కలిసిపోయి గాలికి, నీటికి సొరంగాలవుతాయి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన అనేక రోడ్లపై పరిచినది 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్. ఖాళీలు సహజంగానే ఎక్కువుండే రకమిది. ఆ ఖాళీలను మూయడానికే పైన సీల్‌కోట్ వేస్తారు. సీల్‌కోట్ ఆలస్యమైనా, నామమాత్రంగా పూసినా పొర లోపలి తారుకు అన్ని వైపులా గాలి తగులుతుంది. ఆదా అయ్యేది కొద్ది మొత్తం, పోయేది రోడ్డు ఆయుష్షు. ఆపై నాట్ల కాలంలో దమ్ము చక్రాలతోనే ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. అప్పటికే పెళుసెక్కిన పైపొర ఇనుప పళ్లకు చిట్లిపోతుంది. ఆ పాపం తారుది కాదు, కానీ లేత తారు కొంతైనా ఓర్చుకునేది.

కొలిచేది ఒకటి.. చచ్చేది మరొకటి

ఫిర్యాదు వచ్చినప్పుడు చేసే పరీక్షలో రోడ్డు ముక్కను ద్రావకంలో వేసి గిర్రున తిప్పుతారు. తారు కరిగి బయటకు పోతుంది, కంకర మిగులుతుంది. తేడా చూసి తారు శాతం తేలుస్తారు. కరిగిన తారును ఏం చేస్తారు? పారబోస్తారు. ద్రావకాన్ని ఆవిరి చేసి ఆ తారును తిరిగి పొంది, స్నిగ్ధత కొలిస్తే అది ఎంత ముదిరిందో బయటపడుతుంది. ఆ పద్ధతి కొత్తదేమీ కాదు, సాంకేతిక విద్యాసంస్థల ప్రయోగశాలలకు సుపరిచితమే. కానీ పనిస్థలంలో జరపాల్సిన నిత్య పరీక్షల పట్టికలో దానికి చోటు లేదు. దొంగతనం పట్టుకోవడానికి పరీక్ష ఉంది, హత్యను పట్టుకోవడానికి లేదు.

ప్రమాణంలోనూ ఒక వెలితి కనిపిస్తుంది. ఐఎస్ 73 అడిగేది ప్లాంటులో జరిగే తొలిదశ ముదురును అనుకరించే పరీక్ష వరకే. రోడ్డు మీద ఏళ్ల తరబడి జరిగే ముదురును అంచనా వేసేందుకు వేరే యంత్రం ఉంది. దానిలో తారును 100 డిగ్రీల వద్ద, వాతావరణానికి 20 రెట్ల గాలి పీడనంలో 20 గంటలు ఉంచుతారు. అమెరికాలో 1990ల నుంచి ఇది వాడుకలో ఉంది. మన సాధారణ బిటుమెన్ ప్రమాణంలో 2013 సవరణలోనూ దానికి స్థానం దక్కలేదు. కర్మాగారం గేటు దాటేటప్పుడు తారు వయసు తెలుస్తోంది. అయిదేళ్లకు ఎలా ఉంటుందన్నది ఎవరూ అడగడం లేదు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు

వేడి తగ్గించి పని చేసే పద్ధతులు అందుబాటులోకి వచ్చాయి. వార్మ్‌మిక్స్ విధానంలో కొద్దిపాటి రసాయనం కలిపితే సుమారు 30 డిగ్రీల తక్కువ వేడిలోనే కంకరకు తారు పడుతుంది. దూరపు పల్లెలకు మిశ్రమం తీసుకెళ్లాల్సిన చోట ఇది నిజంగా ఉపయోగపడేది. నీటిలో కలిపిన తారు ఎమల్షన్‌తో చేసే కోల్డ్‌మిక్స్‌కు మంటే అక్కర్లేదు. ఈ రెండింటికీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లోనే మార్గదర్శకాలు వెలువరించింది. అయినా అంచనాల తయారీలో పాత అలవాటుదే పైచేయి.

ప్లాస్టిక్ వ్యర్థాలతో రోడ్ల ప్రచారం మాత్రం జోరుగా ఉంది. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన ఈ పద్ధతికి గుర్తింపుగా ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం మేర ప్లాస్టిక్ తునకలను వేడి కంకరపై చల్లితే అవి కరిగి రాతికి పూతలా అంటుకుంటాయి. నీరు దూరకుండా అడ్డుకోవడంలో ఇది మేలైనదే. అయితే ప్లాస్టిక్ కలిపారని మాడిన తారు బతికి రాదు. వేడి అదుపు లేని ప్లాంటులో ప్లాస్టిక్ కలిపినా, కలపకపోయినా ఫలితం ఒకటే.

పాత రోడ్డు పైపొరను గీకి తీసి, ముదిరిన తారుకు నూనె భాగాన్ని అందించే పునరుజ్జీవ ద్రావణాలు కలిపి మళ్లీ వాడే విధానానికీ 2015లో మార్గదర్శకాలు వచ్చాయి. ఎంత ద్రావణం కలపాలో తెలియాలంటే పాత తారు ఎంత ముదిరిందో ముందు కొలవాలి. పారబోస్తున్న ఆ తారే ఇక్కడ అవసరమవుతుంది.

గ్రామ సడక్ రోడ్లకు అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వేసిన గుత్తేదారుదే. ఆ గడువులోపు కంకర లేస్తే బాగు చేయించే అవకాశం ఉంది. ఆరో ఏట లేస్తే భారం ప్రజాధనం మీదే. అందుకే రోడ్డు వేసే రోజే చూసుకోవాల్సింది ఎక్కువ. ట్యాంకర్‌తో వచ్చే శుద్ధి కర్మాగారం పరీక్షా పత్రం, ప్లాంటులో తారు, కంకర వేడి రాసే రిజిస్టర్, టిప్పర్ చేరిన వేళ మిశ్రమంలో థర్మామీటర్ గుచ్చి నమోదు చేసిన అంకె.. ఈ మూడూ ఉండి తీరాలి. రాసి ఉన్న పేజీలన్నింటిలో రోజంతా ఒకే అంకె కనిపిస్తే అది థర్మామీటర్ చూసి రాసింది కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం రెండో సెక్షన్ ప్రకారం ఈ రికార్డుల నకళ్లు కోరడమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, వాడుతున్న సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికీ పౌరులకు హక్కుంది. ఆ నమూనాల్లో తారు కూడా ఒకటి.